మా అత్త చెవి ఫోటో

మా ఇంట్లో మా అత్త ఫోటో ఒక్కటీ లేదు. ఆమె తీయించుకోలేదు. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందన్న భయం కాదు ఆమెది. తన ముఖం తనకు తెలుసు, మాకూ తెలుసు, ఇంకెవరికి చూపాలి అనేది. కానీ ఆమె చెవి ఫోటో మాత్రం ఒకటి ఉంది. చెవి అంటే పైకి కనిపించే చెవి కాదు. ఆమె కొన్నాళ్లు పెట్టుకున్న వినికిడి మిషనులో చిన్న గింజల్లాంటివి మూడు ఉండేవి. వాటిలో ఒకదాన్ని విప్పి, దాని కడుపులో ఏముందో తీసిన ఫోటో అది. మా ఇంటాయన దానికి అద్దం కట్టించి పడసాలలో గడియారం పక్కన తగిలించారు. వచ్చినవాళ్లలో కొందరు దాన్ని చెరువు అనుకుంటారు. ఒకాయన అయితే చంద్రుడా అని అడిగాడు.

ఇప్పుడు అలాంటి గింజలను గోరంత ముక్కలో వేలకు వేలు ఇమిడ్చి చిప్పులంటున్నారు. వాటి పైపొర కరిగించి, లోపలి సిలికాన్‌ను రంగురంగులుగా ఫోటోలు తీసే వాళ్లున్నారట. ఒక పత్రికలో అచ్చేస్తే చూశాను, ముచ్చటగానే ఉంది. మా పడసాలలోని ఫోటో మాత్రం నాకు ముచ్చట కాదు. దుమ్ము దులుపుతాను గానీ దాని ముందు నిలబడి చూడను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంట్లో మాటల సంగతి చెప్పాలి.

నేను కాపురానికి వచ్చేటప్పటికే మా అత్తకు వినపడదు. మామ పోయిన ఏడాదే ఆమెకూ విషజ్వరం తగిలిందట. ప్రాణం దక్కింది గానీ చెవులు దక్కలేదు. చెవికి నోరు ఆనించి అరిస్తే మాత్రం కొంత అందేది. మాది కమలాపురం దగ్గర పల్లె. పెళ్లి ఖాయమైనప్పుడు మా ఊరి ఆడవాళ్లంతా నా అదృష్టానికి కుళ్లుకున్నారు. చెవిటి అత్త దొరకడం కంటే భాగ్యం ఏముంటుందన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఎందుకంటే నాకు నోరెక్కువ. మా అమ్మ చిన్నప్పటినుంచీ నా నోటికి భయపడి, ఈ పిల్ల ఏ ఇంట్లో ఇముడుతుందా అని దిగులు పడుతూ ఉండేది. ఆమె దిగులు తీరింది.

కడపలో మా ఇల్లు పాతకాలపు మట్టిమిద్దె. కింద నల్లబండల పరుపు, పైన వెలుతురు కోసం గవాక్షి. మా ఇంటాయన ఊళ్లో కాలేజీలో ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరు. ఆయన పొద్దున పోతే సాయంత్రం రావడం. పగలంతా ఇంట్లో నేనూ అత్తా. నేను పొయ్యి ముందు కూర్చుంటే పొయ్యిని తిట్టేదాన్ని, మండని కట్టెలను తిట్టేదాన్ని, ఆ వరసలోనే అత్తనూ తిట్టేదాన్ని. ఆమె వంటింటి గడప దగ్గర కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ ఉండేది. ఆమె ఎదుటనే, ఈ ముసలామెకు కూరలో ఉప్పు ఎంత వేసినా చాలదు, నాలుక కూడా చెవుల వెంటే పోయినట్టుంది అనేదాన్ని. ఆమె నా వైపు చూసి నవ్వేది.

తిట్లే కాదు. పాటలు పాడేదాన్ని. వీధిలో పోయేవాళ్ల నడకలు నటించి చూపేదాన్ని. ఆయన ఇంటికి వస్తే ఆ రోజు కాలేజీలో ఎవరు ఏ గాజుగొట్టం పగలగొట్టారో, ప్రిన్సిపాలు ఎవరిని ఎలా గదమాయించాడో చెప్పించుకుని ఇద్దరం పగలబడి నవ్వేవాళ్లం. పోట్లాడుకున్నా అంతే, గొంతు తగ్గించే పని లేదు. మేము నవ్వితే ఆమె కూడా నవ్వేది, ఎందుకో తెలియకుండానే. అప్పుడప్పుడు ఏమంట అని అడిగేది. నేను ఏం లేదన్నట్టు చెయ్యి ఊపేసేదాన్ని. ఆమె చెవిలో అరిచి చెప్పే ఓపిక నాకుండేది కాదు. ఇన్నేళ్ల తర్వాత నాకు నా తిట్లు గుర్తు రావు, ఆ చెయ్యి ఊపడమే గుర్తొస్తుంది.

మిషను ఎలా వచ్చిందంటే, ఊళ్లో క్రైస్తవ మిషనరీల ఆసుపత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేది. ఆమెకూ చెముడే. మా అత్త చెవులు చూపించుకోవడానికి పోయి, చెవులు బాగు కాలేదు గానీ ఆమెతో స్నేహం చేసుకొచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు, వచ్చినా వినపడదు. అయినా చేతులతో, కళ్లతో ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్లు. మా ఇంటినుంచి ఆమెకు నిమ్మకాయ ఊరగాయ పోయేది. ఆ డాక్టరమ్మ తన దేశానికి తిరిగి పోతూ, తనకు అక్కడ కొత్తది దొరుకుతుందని, తన మిషనును మా అత్త మెడలో వేసి పోయింది. కర్నూలులో ఉన్న రాజధాని హైదరాబాదుకు పోయి రెండు మూడేళ్లయిన కాలం అది. ఆ డాక్టరమ్మ దగ్గర తప్ప మా ఊళ్లో అలాంటి వస్తువును అంతకు ముందు చూసినవాళ్లు లేరు.

అగ్గిపెట్టెకు రెండింతలుండే డబ్బా, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిళ్ల. అంతే. డబ్బాను మెడలో వేలాడదీసుకోవడానికి నేను రవిక గుడ్డతో చిన్న సంచి కుట్టాను. మా ఇంటాయన మూత తీసి చూసి, ఇందులో వాల్వులు లేవు, ట్రాన్సిస్టర్లు ఉన్నాయి అని చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. వాటి గురించి ఆయన పుస్తకాల్లో చదవడమే, కళ్లతో చూడటం అదే మొదలు. చింతగింజలో సగం ఉండే చిన్న రేకు డబ్బీలు మూడు, ఒక్కోదానికి మూడేసి తోకలు. ఆ గింజల్లో ఏముందో చూడాలి అన్నారు, అప్పుడే. అత్త వినలేదు గానీ, చూసింది.

ఆయన మిషను చక్రం మెల్లగా తిప్పినప్పుడు నేను వంటింట్లో జొన్నరొట్టె తడుతున్నాను. అత్త ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. లేచి వచ్చి నా చేతుల దగ్గర వంగి, ఆ చప్పుడు రొట్టెదా అని అడిగింది. అవునత్తా అన్నాను, మామూలు గొంతుతో. ఆమె నన్ను అంతకు ముందెప్పుడూ చూడనట్టు చూసింది.

"నీ గొంతు ఇంత సన్నగా ఉంటాదామ్మే? లావు గొంతేమో అనుకొంటాంటి."

ఆమె అన్నేళ్లూ విన్నది చెవిలో నా అరుపు ఒక్కటే. నా గొంతు అదే అనుకుంది. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజమే, కానీ ఆ వెంటనే గుండె జారింది కూడా. ఇక ఈమెకు వినపడుతుంది అని. ఆమె ముఖం సంతోషంతో వెలిగిపోతుంటే, నేను నిన్న ఏమన్నాను, మొన్న ఏమన్నాను, ఇకమీదట ఏమనకూడదు అని లెక్కలు వేసుకుంటున్నాను. ఇలాంటి దాన్ని నేను.

ఆ రోజునుంచి మా ఇంట్లో నోళ్లకు తాళాలు పడ్డాయి. పొయ్యిని తిట్టబోయి నాలుక కరుచుకునేదాన్ని. పాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అత్తగారు వింటుండగా కోడలు పాడటమేమిటని సిగ్గు. అంతకు ముందు మాత్రం ఆమె ఎదుటనే పాడేదాన్నిగా. ఆయనకూ అంతే. తల్లి వింటుండగా పెళ్లాంతో పరాచికాలాడటానికి మొహమాటం. ఏదైనా చెప్పుకోవాలంటే మిద్దె మీదికి పోయేవాళ్లం, లేకపోతే పెరట్లో చెవిలో గుసగుసలు. గుసగుసలు ఆమెకు వినపడవు గానీ కనపడతాయి. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. మర్యాదగా ఉంటున్నాననుకున్నాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా మా అరుగు మీద కూర్చోవడం తగ్గించారు. మీ అత్తకు వినపడుతుందంటనే అని సైగ చేసి పోయేవాళ్లు.

అత్త మాత్రం పొద్దున లేచి ముఖం కడుక్కోగానే మిషను మెడలో వేసుకుని, బిళ్ల చెవిలో పెట్టుకుని, పడసాలలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. పేరంటానికి తయారై కూర్చున్న మనిషిలా. మేము రాగానే తల ఎత్తేది. అన్నం తిన్నావా అత్తా, తిన్నామ్మే. కాళ్లు నొప్పులా, లేదు. అంతటితో అయిపోయేది. ఒక నాడు ఆమె మా ఇంటాయనతో మిషనులో ఏమీ వినపడటం లేదు, చూడమని అడిగింది. ఆయన బ్యాటరీ మార్చి చక్రం తిప్పి, ఇప్పుడు వినపడుతుందామ్మా అంటే, ఆ, ఇప్పుడు నువ్వు మాట్లాడితివి గదా అన్నది. మిషను బాగానే ఉందని ఆయన తేల్చారు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. ఆ మాటను మేమిద్దరం అంతకంటే పట్టించుకోలేదు.

ఎండలు ముదిరిన తర్వాత ఆమె వేరే ఫిర్యాదు మొదలుపెట్టింది. మిషను పెట్టుకుంటే గుయ్యిమని ఒకటే రొద, మాటలు విడివిడిగా తెలియడం లేదు, పెన్న ఏటి ఒడ్డున నిలబడినట్టుంది అన్నది. ఆయన మూత తీశారు. బ్యాటరీ చూశారు, తీగ చూశారు, అతుకులు తుడిచారు. కాలేజీ నుంచి మీటరు తెచ్చి కొలిచారు. తన చెవికి పెట్టుకుని విన్నారు. సన్నగా ఒక జోరు వస్తోంది, అయినా మాటలు తెలుస్తున్నాయే అన్నారు. నీ చెవులు మంచివి కాబట్టి తెలుస్తాయి, నాకు తెలీదు అన్నది ఆమె. చెముడు ఉన్నవాళ్ల చెవికి ఎలా వినపడుతుందో చెప్పగలిగింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. పైగా కన్నతల్లి వినపడలేదంటే వినపడలేదనే. మీటరును నమ్మి అమ్మను నమ్మకపోవడం ఆయనకు చేతకాదు, నాకూ చేతకాదు. ట్రాన్సిస్టర్లు పాడైతే ఇలాగే రొద పెరుగుతుందని ఆయన చదివిన పుస్తకంలో కూడా ఉందట. పుస్తకమూ అమ్మా ఒకే మాట చెప్పేసరికి ఇక అనుమానం లేకుండా పోయింది.

మద్రాసుకు జాబు రాశారు. ఇది మేము అమ్మే రకం కాదు, దీని భాగాలు ఇక్కడ దొరకవు అని అక్కడి అంగడివాళ్లు తిరుగు జాబు రాశారు. ఆయన దిగులుగా ఆ సంగతి అత్త చెవిలో అరిచి చెప్పారు. నేను పక్కన నిలబడి అయ్యో అన్నాను. పైకి అయ్యో, లోపల ఎవరో నెత్తి మీది నీళ్లకుండ దించినట్టుంది. ఆ సాయంత్రం రొట్టెలు చేస్తూ పాట ఎత్తుకున్నాను. నేను పాడుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. తల ఎత్తి చూస్తే అత్త గడప దగ్గర కూర్చుని నా నోటి వంకే చూస్తూ ఉంది. నవ్వుతూ ఉంది. పాపం, ఏమీ తెలియదు అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, కాలేజీకి సెలవులిచ్చిన రోజుల్లో, అత్తే కొడుకుతో అన్నది, మిషనును విప్పమని. పాడైపోయిన దాన్ని దాచుకుని ఏం చేస్తాం, అది వచ్చిననాటినుంచీ నీ కళ్లు దాని మీదనే ఉన్నాయి, విప్పి చూసుకో, నాకూ చూపించు అన్నది. ఆయన వద్దన్నారు గానీ, ఆ వద్దనడంలో బలం లేదు. ఫోటో తీసి, అద్దం పలకగా చేసి, తరగతి గోడ మీద పెద్దగా చూపిస్తే పిల్లలకు ఎంత బాగా అర్థమవుతుందో అని అంతకు ముందు మిద్దె మీద నాతో ఎన్నిసార్లు అన్నారో. కెమెరా ఉండనే ఉంది. రాజధాని పోయాక కర్నూలులో బేరాలు పడిపోయి స్టూడియో మూసేసిన ఒకాయన దగ్గర కొన్నది. కొలిమితిత్తిలా సాగే పాత కెమెరా.

దాన్ని విప్పే ముందు రోజు మధ్యాహ్నం ఒక సంగతి చూశాను. పక్కింటి దూదేకులవాళ్లు పరుపు కోసం దూది ఏకుతున్నారు. వాళ్లు దూదిని కొట్టే వింటినారి టంగు టంగుమంటూ ఉంది. అత్త పెరట్లో గోడవార కూర్చుని, చెవిలో బిళ్ల పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. ఆమె వేలు మోకాలి మీద ఆడుతోంది, ఆ చప్పుడుకు సరిగ్గా తాళం వేస్తున్నట్టు. నన్ను చూసి బిళ్ల తీసేసింది. ఉత్త రొదే, అలవాటుకొద్దీ పెట్టుకుంటి అన్నది. నేను సరే అని గిన్నెలు తోముకోవడానికి పోయాను. ఆ వేలిని చూసి కూడా పోయాను.

మరుసటి రోజు ఆయన పడసాలలో గుడ్డ పరుచుకుని మూడు గింజలనూ ఊడదీశారు. మొదటిదాన్ని పటకారుతో పట్టి నొక్కితే నలిగిపోయింది. లోపల ఏమున్నా పిండి అయిపోయింది. రెండోదాన్ని ఆకురాయితో అరగదీయబోయారు. అది చేతిలోంచి ఎగిరి బండల సందులో పడింది. పుల్లతో గెలికి తీస్తే తోకలు మాత్రం వచ్చాయి. ఆయన ముఖం వాడిపోయింది. మూడోది అరచేతిలో పెట్టుకుని కూర్చుని, ఇదొక్కటైనా ఉంటే ఎప్పుడైనా ఎవరైనా పనికొచ్చేలా చేస్తారేమో, వదిలేద్దామా అని నన్నడిగారు. అప్పుడు నేను ఊ అని ఉంటే ఆ గింజ మిగిలేది. ఒక్క గింజతో మిషను పలికేది కాదని ఆయనే తర్వాత అన్నారు గానీ, అది వేరే సంగతి. నేను ఊ అనలేదు. మిషను మళ్లీ బతికి వస్తుందేమోనన్న మాటే నాకు రుచించలేదు.

అత్త లేచి దేవుడి గూట్లోనుంచి గంధం సాన తెచ్చింది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, నా ముందు పెట్టి, గంధం తీసినట్టు తియ్యి అన్నది. మగవాళ్ల చేతులు నొక్కుతాయి, గంధం తీసే చేయి నొక్కదు. నేను గింజను లక్కతో ఒక పుల్లకు అంటించి, సాన మీద నీళ్లలో గుండ్రంగా, బరువు వేయకుండా తిప్పుతూ కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. గంధానికి బదులు బూడిదరంగు నీళ్లు వచ్చాయి. అత్త నా పక్కనే కూర్చుని, సాన ఆరినప్పుడల్లా వేలితో ఒక్కో చుక్క నీరు వదులుతూ ఉంది. పూజకు ఇద్దరం కలిసి గంధం తీసినప్పుడు కూడా అలాగే కూర్చునేవాళ్లం. రేకు పలచబడి, పలచబడి, చివరికి పైకప్పు చుట్టూ సన్నని గీత తెగింది. గోటితో తీస్తే ఊడి వచ్చింది. లోపల తెల్లటి మడ్డి. ఆయన దూదిని స్పిరిటులో ముంచి, ఊపిరి బిగబట్టి కడిగారు. నువ్వుగింజకు పావు వంతు ఉండే నలుచదరపు బూడిదరంగు తునక బయటపడింది, దాని మీద ఒక బొట్టు. జర్మేనియం అన్నారాయన, దేవుడి పేరు పలికినట్టు.

కాలేజీ మైక్రోస్కోపు మీద కెమెరాను బోర్లించి నల్లగుడ్డతో చుట్టారు. మిట్టమధ్యాహ్నం గవాక్షిలోంచి దిగే ఎండను అద్దంతో ఆ తునక మీదికి తిప్పారు. కదిలితే చెడిపోతుందని మమ్మల్ని అడుగు కూడా వేయవద్దన్నారు. ఎండ పట్టీ ముగ్గురి మధ్యా బండల మీద నిలబడి ఉంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బొమ్మలా నిలుచుంది. ఆయన మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మూశారు. గాదె ఉన్న చీకటి గదిలో పలకను కడిగి బయటికి తెచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి. పెళ్లినాడు కూడా అంత సంతోషంగా లేరు.

కాగితం మీద అచ్చు తీసి అత్త చేతిలో పెట్టారు. ఆమె దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. అటూ ఇటూ తిప్పింది.

"సేను మాదిరి ఉండాదే. నడుమ బాయి కూడా ఉండాది" అన్నది.

నిజమే. చుట్టూ గట్లు వేసిన చిన్న మెట్టచేను, మధ్యలో గుండ్రటి బావి. కాలేజీ తెరిచాక ఆయన ఆ ఫోటోను తరగతిలో గోడంత చేసి చూపించారు. ప్రిన్సిపాలు వచ్చి కూర్చుని చూశాడట. పక్క ఊళ్ల కాలేజీల వాళ్లు కూడా ఒక అచ్చు కావాలని అడిగి తీసుకున్నారు. ఆయన చాలా రోజులు ఆ సంబరంలోనే ఉన్నారు. నేను పొయ్యిని మళ్లీ తిట్టడం మొదలుపెట్టాను. అరుగు మీదికి ఇరుగుపొరుగు తిరిగొచ్చారు. ఇంట్లో నవ్వులు, పోట్లాటలు, అన్నీ యథాప్రకారం. అత్త శనక్కాయలు ఒలుస్తూ గడప దగ్గర కూర్చుని మా నోళ్ల వంక చూసేది.

వానలు ఒకటి రెండు పడ్డాక, ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే ఒకాయన ఏదో పనిమీద కాలేజీకి వచ్చాడట. అతను ఆ ఫోటో చూసి, మిషను సంగతి విని, రొద రావడానికి గింజలే కారణం కానక్కరలేదు, చిన్న భాగం ఏదో మార్చి ఉంటే సరిపోయేదేమో అన్నాడట. మా ఇంటాయన ఆ రోజు అన్నం సరిగా తినలేదు. తొందరపడ్డాం, అమ్మ చెవులు నా చేతులతోనే పోగొట్టాను అని చెయ్యి కడుక్కుని బయటికి పోయారు. నేనూ సగంలోనే లేచి కంచం తీసేశాను. ఆ సాన మీద తిరిగిన చేయి నాదే కదా. ఆయన పోయాక అత్త పక్కన కూర్చుని, ఆమె చెవికి నోరు పెట్టి, మిషను బాగయ్యేదంట అత్తా, మేమే తొందరపడి చెడగొట్టినాము అని అరిచాను.

ఆమె చేతిలోని శనక్కాయ ఒలిచి, పప్పులు చేటలో వేసింది.

"చెడిపోయింటే గదామ్మే బాగుచేసేది" అన్నది.

నాకు వెంటనే అర్థం కాలేదు. గుయ్యిమంటుందని చెప్పావు కదా అని మళ్లీ అరిచాను.

"ఊరికే అంటి. శానా బాగా యినపడ్తాండె. పక్కింట్లో దూది ఏకుతాంటే నారి పలికేది కూడా యినపడ్తాండె."

ఆమె నన్ను చూడలేదు, చేట వంక చూస్తూ మాట్లాడింది. చెవిటివాళ్ల గొంతు పెద్దది. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది, ఎవరికీ వినపడకూడదని ఆమెకు తెలిసినట్టు.

"నాకు చెవులు లేనప్పుడు ఈ ఇల్లు సంత మాదిరి ఉన్నింది. నువ్వు పాడ్తాంటివి, వాడు నగుతాండె, నేను సూస్తాంటి. అది ఒక్కతూరి యినాలని ఎన్నేండ్లు అనుకొంటినో. మిషను వచ్చె, మీరు నోర్లు మూసుకొంటిరి. ఇంగ యినేదానికి ఏముండాది? గడియారం ఒకటే. నా చెవుల కోసరం మిమ్మల్నిద్దర్నీ మూగోళ్లను చేసి కూసోబెట్టుకోవల్లనా?"

నన్ను తిడతావని నాకు తెలియదనుకున్నావా అని కూడా అన్నది. ముఖం చూస్తే తెలుస్తుందట. తిట్టే నోరే కదా పాడేది, రెండింట్లో ఒకటే కావాలంటే ఎట్ల అన్నది. ఈ మాట కొడుకుకు చెప్పవద్దన్నది. ఫోటో చూసుకుని వాడు ఎంత సంతోషపడుతున్నాడో, దాన్ని పాడుచేయవద్దన్నది.

తప్పయిపోయింది అత్తా అనాలి. కానీ ఆ మాటను ఆమె చెవిలో పెట్టి, వీధంతా వినేట్టు అరవాలి. లేకపోతే ఆమెకు అందదు. మామూలు గొంతుతో చెబితే చాలిన రోజులు కొన్ని మా ఇంట్లో ఉన్నాయి. ఆ రోజుల్లో నేను అన్నం తిన్నావా అత్తా అన్న మాట తప్ప ఇంకేమీ చెప్పలేదు. నోరు తెరిచాను. నా బతుకులో నా నోరు నాకు అక్కరకు రాకుండా పోయింది ఆ ఒక్కసారే.

అత్త చేట పక్కన పెట్టి నా వైపు తిరిగి కూర్చుంది.

"మాట్లాడుమ్మే. నేను సూస్తాంటా."

మాట్లాడాను. ఏం మాట్లాడానో తెలియదు. కట్టెలు తడిసిపోయాయని, మండటం లేదని, పాలామె నీళ్లు కలుపుతోందని, ఈయన ఏ వేళకు తిరిగొస్తారోనని, నోటికి ఏది వస్తే అది. ముక్కు కారుతూ, కొంగుతో తుడుచుకుంటూ, ఆపకుండా మాట్లాడాను. ఒక్క మాట కూడా ఆమె చెవికి చేరలేదు. ఆమె నా నోటి వంకే చూస్తూ, నేను నవ్వుతున్నప్పుడు నవ్వినట్టే, నవ్వుతూ కూర్చుంది.